బోయింగ్ 247, డగ్లస్ డీసీ-3: ఇంజనీర్ పనిగా చూస్తే ఏది మేలు?

పాత విమానాల మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: ముందు వచ్చింది బోయింగ్ 247 అయితే, పేరంతా డీసీ-3కి ఎందుకు వచ్చింది?

ముందు వచ్చిన మాట నిజమే. 247 తొలిసారి ఎగిరింది 1933 ఫిబ్రవరి 8న. పూర్తి లోహ నిర్మాణం, రెండు ఇంజన్లు, ముడుచుకునే చక్రాలు. అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 20 గంటల్లో దాటించేది. ఆ ఘనత దానిదే, ఎవరూ తీసెయ్యలేరు.

నా దృష్టిలో తేడా అంతా రెక్కలో ఉంది. 247లో రెక్క బరువు మోసే స్పార్, అంటే రెక్క లోపలి దూలం, క్యాబిన్‌కు అడ్డంగా పోయేది. సీటుకు వెళ్లాలంటే దాన్ని దాటాలి. కూర్చునేది పదిమందే. డగ్లస్ ఇంజనీర్లు రెక్కను క్యాబిన్ నేల కిందికి దించేశారు, దాంతో నడవాకు అడ్డు పోయింది. ఆ బృందంలోని ఆర్థర్ రేమండ్ డిజైన్ మొదలయ్యే రోజుల్లోనే ఫోర్డ్ ట్రైమోటార్ అనే మూడు ఇంజన్ల పాత విమానంలో ప్రయాణికుడిగా కూర్చుని, ఆ రొద, ఆ కుదుపులు స్వయంగా అనుభవించాడు. సీట్లో కూర్చునేవాడి బాధ తెలిసిన ఇంజనీర్ గీసిన క్యాబిన్ వేరేగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

భద్రత సంగతీ అంతే. తొలి 60 బోయింగ్‌లు యునైటెడ్ విమాన సంస్థకే పోవడంతో, దాని పోటీ సంస్థ టీడబ్ల్యూఏ 1932లో కొత్త విమానం కోసం డగ్లస్‌ను అడిగింది. తమ ఏ విమానాశ్రయం నుంచైనా, నిండు బరువుతో, ఒక ఇంజన్ ఆగినా పైకి లేవాలని షరతు పెట్టింది. డీసీ-3కి మూలమైన డీసీ-1, అమెరికాలో చాలా ఎత్తున ఉన్న విన్‌స్లో నుంచి అలాగే లేచి అల్బుకర్కీ చేరింది. 1934 లండన్-మెల్‌బోర్న్ పందెంలో ప్రయాణికులతో వెళ్లిన దాని తర్వాతి రూపం డీసీ-2 రెండో స్థానంలో, 247కు మెరుగైన రూపమైన 247డి మూడో స్థానంలో నిలిచాయి.

1935 డిసెంబర్ 17న ఎగిరిన డీసీ-3లో 21 మందికి చోటు. తపాలా మోసినందుకు వచ్చే మెయిల్ కాంట్రాక్టు డబ్బు మీద ఆధారపడకుండా, టికెట్ల మీదే లాభం తెచ్చిన తొలి విమానంగా దానికి పేరు. మన బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలూ ఇవే.

లాక్‌హీడ్ ఎలక్ట్రా వేగంగా వెళ్లేది కానీ చిన్నది. ఫోర్డ్ ట్రైమోటార్ దృఢమైనదే, అప్పటికే పాతబడింది. పోటీలో నేను వాటిని లెక్కలోకి తీసుకోను.

తొలి అడుగు ఎవరిదంటే బోయింగ్ అంటాను. ఇంజనీర్ పనిగా చూడమంటే మాత్రం డీసీ-3కే నా ఓటు.