పాలేరు పోయిన ఫోల్డర్: లైనక్స్‌లో నాలుగేళ్ళ ఆటలు

విండోస్ బదులు వాడే లైనక్స్‌లో ఆటలు ఆడటం మొదలుపెట్టి నాలుగేళ్ళు దాటింది. ఈ నాలుగేళ్ళలో నాకు అన్నిటికన్నా నచ్చిందీ, నన్ను అన్నిటికన్నా బాధపెట్టిందీ ఒకటే. అది ఒక ఫోల్డర్, పేరు కంపాట్‌డేటా. ఆటలు కొని ఆడుకునే స్టీమ్ ప్రోగ్రామ్ ఎలా వేసుకోవాలి, ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) మంచిది, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయి అన్నవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నేను ఆ ఫోల్డర్ గురించే రాస్తున్నాను.

నా మెషీన్ 2017లో హన్మకొండలో కొన్న లాప్‌టాప్. ఏడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అన్నారు. శుభ్రంగా పనిచేస్తున్న లాప్‌టాప్‌ని పక్కన పడేయడానికి మనసు ఒప్పలేదు. లైనక్స్ మింట్ వేశాను. ఆఫీసు పని ఎలాగూ జరిగిపోతుంది, ఆటలు మాత్రం వదులుకోవాల్సిందే అనుకున్నాను.

వదులుకోలేదు. స్టీమ్ సెట్టింగ్స్‌లో ఒక టిక్కు పెట్టి, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే టౌన్ సెంటర్, పక్కన ముగ్గురు గ్రామస్థులు, గుర్రం మీద స్కౌట్, మేస్తున్న గొర్రెలు. ఒక్క కమాండ్ కూడా కొట్టకుండా అన్నీ వచ్చేశాయి. ఏ ఆటైనా సరే, ఇన్‌స్టాల్ నొక్కితే చాలని ఆ వారమంతా కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

ఇది ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని హార్డ్ డిస్క్ తవ్వితే ఆ ఫోల్డర్ కనిపించింది. కంపాట్‌డేటా లోపల అన్నీ అంకెల పేర్లే. 813780 అంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. స్టోర్ పేజీ అడ్రస్‌లో ఉండే నంబరే అది. దాని లోపల పీఎఫ్ఎక్స్, అందులో డ్రైవ్_సి. అది తెరిస్తే విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్. యూజర్స్‌లో స్టీమ్‌యూజర్ అని ఒక మనిషి, ఆయనకు ఒక డాక్యుమెంట్స్, ఒక యాప్‌డేటా. ఆ ఒక్క ఆట కోసం కట్టిన చిన్న విండోస్ ఇల్లు. దీన్ని ప్రిఫిక్స్ అంటారు. లోపలున్న ఆటకు తను లైనక్స్‌లో ఉన్నానన్న సంగతే తెలియదు. ఆట విండోస్‌ని అడిగే పనులను వైన్ అనే ప్రోగ్రామ్ అందుకుంటుంది. 1993 నుంచి జనం కూర్చుని కట్టుకుంటూ వచ్చిన ప్రాజెక్ట్ అది. బొమ్మ గీయమని విండోస్ వాడే డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడిగితే డీఎక్స్‌వీకే అనే ఇంకో ప్రోగ్రామ్ దాన్ని లైనక్స్‌లో పనిచేసే వల్కన్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు చెబుతుంది. 2018 ఆగస్టులో స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ వీటన్నిటినీ కలిపి ప్రోటాన్ అని ఇచ్చింది.

నాకు నచ్చింది ఏమిటంటే ఆటకో ఇల్లు. విండోస్ రోజుల్లో ఒక ఆట తెచ్చిన రన్‌టైమ్ (ఆట నడవడానికి కావలసిన సహాయక ఫైళ్ళు) ఇంకో ఆటకు పడక, రెండూ తీసి మళ్ళీ వేసిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. ఇక్కడ ఏ ఇంటి గొడవ ఆ ఇంట్లోనే. ఒక ఆటకు పాత ప్రోటాన్, ఇంకో దానికి కొత్తది పెట్టుకోవచ్చు. ఒకదానికొకటి అడ్డురావు. లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ మార్చినప్పుడు ఫోల్డర్లన్నీ అలాగే కాపీ చేశాను. ఆటలన్నీ ఆపిన చోటు నుంచే తెరుచుకున్నాయి. కీబోర్డ్ సెట్టింగులు కూడా మారలేదు.

ఇక 2023 మే సంగతి.

మా అక్కా వాళ్ళది ఖమ్మం. వాళ్ళబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఎండాకాలం సెలవులకు ఏటా మా ఇంటికి వస్తాడు. 2022లో ఇద్దరం కలిసి ఒక ఊరు కట్టే ఆట మొదలుపెట్టాం. చిన్న బృందం చేసిన ఆట, విండోస్‌కు మాత్రమే ఉంది, పేరు అవసరం లేదు. మ్యాప్‌లో ఒక పక్క పెద్ద చెరువు ఉంటే, ఖమ్మం దగ్గరి పాలేరు రిజర్వాయర్ గుర్తొచ్చి వాడు "ఇది మన పాలేరు మామా" అన్నాడు. ఊరికీ అదే పేరు పెట్టాం. బస్సు రూట్లన్నీ వాడే వేశాడు. ఏ బస్సు ఏ స్టాపులో ఆగాలో లాంగ్ నోట్‌బుక్‌లో రంగు పెన్సిళ్ళతో గీసుకున్నాడు. వాడు వెళ్ళాక నేను ఆ ఊరి జోలికి వెళ్ళలేదు. మళ్ళీ వచ్చాకే తెరవాలని ఒప్పందం.

వాడు వచ్చే ముందు రోజు, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని ఆట తెరిచాను. కొంచెం తడబడుతున్నట్టు అనిపించి, జీఈ-ప్రోటాన్ అని వేరే వాళ్ళు చేసిన వెర్షన్ పెట్టి చూశాను. తేడా లేదు. తిరిగి పాతదానికి మార్చాను. అప్పటి నుంచి ఆట తెరుచుకోవడం మానేసింది. ప్లే నొక్కితే బటన్ రెండు సెకన్లు స్టాప్ అని చూపించి మళ్ళీ ప్లే అవుతుంది, అంతే. కొత్త వెర్షన్ సర్దిన ఇంట్లోకి పాత వెర్షన్ తిరిగి వస్తే ఇలా జరగొచ్చని తర్వాత అర్థమైంది. ఆ రాత్రి వెతికితే చాలామంది ఒకటే మాట చెప్పారు: కంపాట్‌డేటాలో ఆ ఆట నంబరున్న ఫోల్డర్ డిలీట్ చెయ్యి, స్టీమ్ మళ్ళీ కొత్తది కట్టుకుంటుంది. ఆ సలహాలో అబద్ధం లేదు. షిఫ్ట్ డిలీట్ కొట్టాను. ఆట వెంటనే తెరుచుకుంది. మెనూలో కంటిన్యూ అనే మాట లేదు. న్యూ గేమ్ ఒక్కటే ఉంది.

ఆటను స్టీమ్ మామూలుగా వేరే చోట పెడుతుంది కాబట్టి సేవ్ కూడా అక్కడే ఉంటుందని నేను నమ్మాను. సేవ్ ఉన్నది ఆ ఇంట్లో, స్టీమ్‌యూజర్ యాప్‌డేటాలో. ఆ ఆటకు క్లౌడ్ సేవ్ (నెట్‌లో దాచే కాపీ) లేదు. గాభరాగా టైమ్‌షిఫ్ట్ తెరిచాను. మింట్ వేసిన రోజు నుంచీ వారానికోసారి అది బ్యాకప్ తీస్తోందని ధైర్యం. అది దాచేది సిస్టమ్ ఫైళ్ళను. మనం మార్చకపోతే మన సొంత ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్‌ను ముట్టుకోదు. స్టీమ్ మొత్తం ఉండేది హోమ్‌లోనే. రాత్రి రెండింటిదాకా పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రామ్‌లు నడిపాను. ఎస్‌ఎస్‌డీలో ఏమీ మిగల్లేదు. అరవై గంటలు ఆడిన ఊరు.

మర్నాడు వాడు చెప్పులు విప్పి నేరుగా లాప్‌టాప్ దగ్గరికే వచ్చాడు, చేతిలో అదే నోట్‌బుక్. "మామా, పాలేరు తెరువ్" అన్నాడు. చెప్పాను. ఏడవలేదు, గొడవ చేయలేదు. నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టుకున్నాడు. ఆ సెలవుల్లో మళ్ళీ ఆ ఆట మాట ఎత్తలేదు. అది నాకు చాలా కష్టమనిపించింది.

అందుకే చెబుతున్నాను, ప్రిఫిక్స్‌ను డిలీట్ చేయకండి, పేరు మార్చండి. ఆ నంబరు చివర పాత అని తగిలిస్తే చాలు, స్టీమ్ అది లేదనుకుని కొత్తది కడుతుంది. ఆట తెరుచుకున్నాక పాత ఇంట్లోంచి సేవ్ ఫోల్డర్ మాత్రం తెచ్చి కొత్త ఇంట్లో అదే చోట పెట్టండి. లూడుసావి అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ప్రిఫిక్స్‌ల లోపలి సేవ్‌లను కూడా వెతికి బ్యాకప్ తీస్తుంది. నేను ఆదివారం ఆదివారం నడుపుతున్నాను.

నేటివ్ ఆటలకు, అంటే లైనక్స్ వెర్షన్ ఉన్నవాటికి, ఈ ఇళ్ళ గొడవ ఉండదు. స్టార్‌డ్యూ వ్యాలీ సేవ్‌లు హోమ్‌లోని దాచిన కాన్‌ఫిగ్ ఫోల్డర్‌లో, ఫ్యాక్టోరియో సేవ్‌లు దాని పేరుతోనే ఉన్న దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. రెండూ నా దగ్గర హాయిగా నడుస్తున్నాయి. నేటివ్ అంటే ప్రతిసారీ మేలు అని మాత్రం అనను. ఒకసారి లైనక్స్‌కు మార్చి వదిలేసినవి కొన్ని ఉన్నాయి. వాటికి విండోస్ వెర్షన్‌నే ప్రోటాన్‌లో నడిపితే బాగుంది. కానీ మార్చే ముందు జాగ్రత్త. రెండు వెర్షన్లూ సేవ్‌ను వేర్వేరు చోట్ల పెడతాయి. ఆట మొదటికొచ్చినట్టు కనిపిస్తే పోయిందని టెన్షన్ పడకండి, పాత చోట వెతకండి.

డ్యూయల్ బూట్, అంటే ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. మళ్ళీ డౌన్‌లోడ్ ఎందుకని విండోస్ డి డ్రైవ్‌లోని ఆటలనే లైనక్స్ స్టీమ్‌కు చూపించాను. కొన్ని తెరుచుకోలేదు. ప్రిఫిక్స్ లోపల సి పక్కన కోలన్ ఉన్న పేరుతో ఒక లింక్ ఉంటుంది. విండోస్ ఫైల్ పేర్లలో కోలన్ చెల్లదు కాబట్టి విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్‌ఎస్) ఉన్న డ్రైవ్‌లో ఇబ్బంది వస్తుంది. ఆటలు లైనక్స్ డ్రైవ్‌లోకి తెచ్చుకుంటే పోతుంది.

ఏ ఆటైనా ఇన్‌స్టాల్ నొక్కితే చాలని మొదట్లో చెప్పుకు తిరిగాను కదా. నేను ఆడేవి దాదాపు అన్నీ ఒక్కడినే ఆడుకునేవి. స్నేహితులు పిలిచారని ఒక షూటింగ్ ఆట కొన్నాను, అది యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టుకునే ప్రోగ్రామ్) దగ్గరే ఆగిపోయింది. 2021 నుంచి ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే అలాంటి ప్రోగ్రామ్‌లు ప్రోటాన్‌లో పనిచేసే వీలుంది. ఆట చేసినవాళ్ళు ఒప్పుకుంటేనే ఆ వీలు మనదాకా వస్తుంది. కాబట్టి కొనేముందు, ఏ ఆట ఎలా నడుస్తోందో ఆడినవాళ్ళు రాసే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైట్‌లో చూడండి, పైనున్న ప్లాటినమ్, గోల్డ్ మార్కులు చూసి ఆగిపోకుండా, కింద మీలాంటి కార్డున్నవాళ్ళు ఈమధ్య ఏం రాశారో చదవండి. కార్డు మరీ పాతదైతే నా అనుభవం మీకు పనికిరాదు. డీఎక్స్‌వీకే రెండో వెర్షన్ నుంచి వల్కన్ 1.3 కావాలి, జీటీఎక్స్ 600, 700 సిరీస్‌లలో ఎక్కువ భాగం అక్కడ ఆగిపోతాయి. ఇంట్లో డేటా ప్యాక్ చిన్నదైతే, తరచూ వచ్చే షేడర్ (గ్రాఫిక్స్ కోసం స్టీమ్ ముందే దింపే ఫైళ్ళు) డౌన్‌లోడ్లు కూడా లెక్కలో వేసుకోండి. నాకు ఫైబర్ ఉంది, పెద్దగా తెలియలేదు.

నేనైతే వెనక్కి వెళ్ళను. ఏడో తరం ప్రాసెసర్ ఉంది, ఒక్కడినే ఆడతాను, వారానికి రెండు రాత్రులే ఆడతాను, ఏదైనా ఆగిపోతే కూర్చుని వెతకడం నాకు ఇష్టం. మా మేనల్లుడు ఈమధ్య కొత్త లాప్‌టాప్ కొనిపించుకున్నాడు, లైనక్స్ వేయనా మామా అని అడిగాడు. వాడు రోజూ క్లాసు పిల్లలతో ఆడేది ఆ యాంటీ చీట్ ఉన్న ఆటే, అందుకే విండోస్ ఉంచుకోమన్నాను. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మాత్రం ఆ లాంగ్ నోట్‌బుక్ తెచ్చాడు, జేబులో ఒక పెన్ డ్రైవ్ కూడా ఉంది. ఆట మూసిన ప్రతిసారీ నా చేత యాప్‌డేటా తెరిపించి, ఫైల్ కాపీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.