ప్యాకేజీనా, ప్యాప్ స్మియరా, హెచ్‌పీవీనా: ముప్పై దాటిన ఆడవాళ్లకు ఏది మేలు?

పోయినేడు మా యారాలు ఫోన్‌లో చూసి ఆడవాళ్ల ఫుల్ బాడీ ప్యాకేజీ ఒకటి చేయించుకుంది. అప్పటి నుంచి ఇక్కడ మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మా వాడకట్టువాళ్లు, అటు బాసర, నిజామాబాద్‌లో ఉన్న మా చుట్టాలు అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: అక్కా, ప్యాకేజీ మంచిదా, దవాఖానకు పోయి చేయించుకునేది మంచిదా? నాకు 42 ఏళ్లు. ఐదేళ్ల కింద ఒక రకం టెస్టు, ఈ జనవరిలో ఇంకో రకం టెస్టు చేయించుకున్నా కాబట్టి తెలిసినంత రాస్తున్నా.

బీపీ, షుగర్ దగ్గర ఆలోచించేదేం లేదు. ముప్పై దాటిన వాళ్లకు ఏడాదికోసారి, ఆశాతాయి (ఆశా కార్యకర్త) ఫారం నింపి పంపితే ఉపకేంద్రంలోనే ఉచితంగా చూస్తారు. పెళ్లికాని పిల్లలకు, ఇరవైల్లో ఉన్నవాళ్లకు ముందు హిమోగ్లోబిన్ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. 12 కంటే తక్కువుంటే తక్కువ కిందే లెక్క, "నాకు ఎప్పుడూ పదే ఉంటది" అని వదిలేయొద్దు. నెలసరి తప్పుతున్నా, పిల్లల కోసం అనుకుంటున్నా థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

ఇక మా యారాలి ప్యాకేజీ. ల్యాబ్ పిల్లగాడు పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయాడు, సాయంత్రానికి ఫోన్‌లో పన్నెండు పేజీల రిపోర్టు వచ్చింది. అందులో సీఏ-125 అనేది కొంచెం ఎక్కువని ఎర్ర అక్షరాల్లో ఉంది. అదేందని వెతికితే అండాశయం క్యాన్సర్ అని కనపడింది, అంతే, ఆ ఇంట్లో రెండు వారాలు ఎవరికీ నిద్ర లేదు. చివరికి నాందేడ్‌లో డాక్టరమ్మ స్కాన్ తీస్తే గర్భసంచిలో గడ్డ, ఫైబ్రాయిడ్, మామూలుది. ఫైబ్రాయిడ్ ఉన్నా, నెలసరిలో ఉన్నా కూడా సీఏ-125 పెరుగుతుందట, ఏ బాధా లేని మనిషికి ఆ టెస్టు చేయించనే వద్దు అని ఆమె గట్టిగా చెప్పింది. నాకు దీనికంటే బాధైంది ఇంకోటి. అన్ని టెస్టుల మధ్య గర్భసంచి మూతి పరీక్ష లేదు. అది రక్తంతో తెలిసేది కాదు. మా యారాలు మాత్రం "అన్నీ చేయించుకున్నా" అనే అనుకుంది.

ముప్పై దాటినవాళ్లకు అసలు చూడాల్సింది ఆ గర్భసంచి మూతినే, అక్కడ క్యాన్సర్ మొదలవుతుందేమో అని. దానికి మూడు దారులు.

ఒకటి వెనిగర్ టెస్టు, వీఐఏ అంటారు. ఐదేళ్ల కింద గ్రామీణ రుగ్ణాలయంలో (సర్కారు దవాఖానలో) నేను చేయించుకుంది ఇదే. బల్ల మీద పడుకోబెట్టి, సిస్టర్ పుల్లకు దూది చుట్టి వెనిగర్ నీళ్లలో ముంచి మూతికి అద్దింది, ఊరగాయ వాసన లాంటిది వచ్చింది, కొంచెం చుర్రుమంది. గోడ గడియారం చూస్తూ ఒక్క నిమిషం ఆగి, లైటు వేసి చూసి, తెల్ల మచ్చలేం లేవు తాయీ, ఐదేళ్లకు మళ్లీ రా అంది. పైసా ఖర్చు లేదు, ఫలితం అప్పుడే తెలిసింది. మిరప తొడిమలు తీసే పనికి పోయేవాళ్లకు రెండోసారి రావాలంటే ఇంకో రోజు కూలి పోయినట్టే, వాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. లోపం ఏందంటే అది చూసేవాళ్ల కన్నును బట్టి ఉంటుంది. నెలసరి ఆగిపోయినవాళ్లకు చూడాల్సిన చోటు లోపలికి పోతుంది కాబట్టి మా అత్తమ్మ వయసు వాళ్లకు సరిగా పనికిరాదు.

రెండోది ప్యాప్ స్మియర్, మూతి దగ్గర గీకి తీసిన కణాలను స్లైడు మీద పెట్టి చూసేది. చాలామందికి తెలిసిన పేరు, మంచిదే, కానీ మూడేళ్లకోసారి చేయించాలి, స్లైడు చదివే మంచి పాథాలజిస్టు కావాలి, రిపోర్టు కోసం ఆగాలి. మన వైపు ఆ రిపోర్టు తెచ్చుకోవడానికి మళ్లీ పోనివాళ్లే ఎక్కువ.

మూడోది హెచ్‌పీవీ టెస్టు, ఈ క్యాన్సర్‌ను తెచ్చే వైరస్ మూతి దగ్గర ఉందా లేదా అని చూసేది. నేను జనవరిలో నాందేడ్‌లో చేయించుకుంది ఇదే, నా ఓటు కూడా దీనికే. దీని మీద పెద్ద పరిశోధన జరిగింది మన మరాఠ్వాడాలోనే, లాతూరు దాటితే వచ్చే ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెల్లో. 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 1,31,746 మందిని నాలుగు గుంపులు చేసి, మూడు గుంపులకు ఒక్కో రకం టెస్టు ఒక్కసారి మాత్రమే చేసి, నాలుగో గుంపుకు ఏదీ చేయకుండా ఎనిమిదేళ్లు చూశారు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసిన గుంపులో ముదిరిన క్యాన్సర్లు, చావులు దాదాపు సగానికి తగ్గాయి, మిగతా రెండు టెస్టులకు అంత తేడా కనపడలేదు. ముంబైలో రెండేళ్లకోసారి వెనిగర్ టెస్టు చేస్తూ పోతే చావులు 31 శాతం తగ్గాయి, అంటే అదీ పనికొస్తుంది, కానీ మళ్లీ మళ్లీ చేయించాలి. హెచ్‌పీవీ లేదని వస్తే ఐదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. డబ్బు మాత్రం ఎక్కువే.

హెచ్‌పీవీ ఉందని వస్తే అది క్యాన్సర్ కాదు, మొగుడూ పెళ్లాల మధ్య అనుమానానికీ కారణం కాదు. ఎన్నో ఏళ్ల కిందటిది కూడా కావచ్చు, చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. ఈ మాట ఇంట్లో మగవాళ్లకు కూడా ముందే చెప్పి టెస్టుకు పోండి.

కానీ నన్నడిగితే ఏ టెస్టు అనేదానికంటే, తేడా వస్తే ఆ దవాఖానలో తర్వాత ఏం చేస్తారు అనేదే ముఖ్యం. మన దగ్గర ఆడవాళ్లు టెస్టుకు రాకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు, "పోతే గర్భసంచి తీసేస్తారు" అనే భయం. ఆ భయం ఊరికే రాలేదు, బీడ్ జిల్లాలో చెరకు కోతకు పోయే ఆడవాళ్లకు తెల్లబట్ట, కడుపునొప్పి అన్నదానికే గర్భసంచులు తీసేసిన సంగతి 2019లో దేశమంతా విన్నది. మా చిన్నమ్మకు కూడా ముప్పై నాలుగేళ్లకే తీసేశారు, ఎందుకు తీశారో ఇప్పటికీ ఆమెకు తెలియదు. కాబట్టి టెస్టుకు ముందే అడగండి: మీ దగ్గర కాల్పోస్కోపీ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపిస్తారు? తేడా వస్తే భూతద్దం లాంటి దానితో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, క్యాన్సర్‌కు ముందు దశ అయితే ఆ మచ్చను మాత్రమే కాల్చో కోసో తీస్తారు, గర్భసంచి ఉంటుంది. ఈ మాట సరిగా చెప్పకుండా నేరుగా ఆపరేషన్ డేటు ఇచ్చే చోట ఎంత మంచి టెస్టు ఉన్నా నేను పోను, నాందేడ్‌లో నేను ఎంచుకున్నది కూడా ఈ ప్రశ్న అడిగే.

రొమ్ముల సంగతి: ముప్పై నుంచి డాక్టరో సిస్టరో చేతితో చూడడం, అది కూడా ఉచితమే. మామోగ్రామ్ నలభై దాటాక, రెండేళ్లకోసారి కుదిరితే మంచిది. గడ్డ తగిలితే మాత్రం వయసు, ప్యాకేజీ ఏదీ చూడకుండా ఆ వారమే పోవాలి. నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనపడినా అంతే.

నాందేడా, నిజామాబాదా అంటే, టెస్టు వరకు ఎటైనా పోండి, రైలు రెండు వైపులా ఉంది, నిజామాబాద్‌లో తెలుగులో చెప్పుకోవచ్చు, అది చిన్న విషయం కాదు. కానీ ట్రీట్‌మెంట్ దాకా వస్తే మన మహారాష్ట్ర రేషన్ కార్డుకు అక్కడ ఆరోగ్యశ్రీ వర్తించదు, ఇక్కడ ఆరోగ్యశ్రీ లాంటిదే మహాత్మా ఫూలే యోజన ఉంటుంది. అందుకే నేను నాందేడ్ వైపే మొగ్గాను.

పోయే ముందు: నెలసరి రోజుల్లో వద్దు, రెండు రోజుల ముందు నుంచి లోపల మందులేవీ పెట్టుకోవద్దు. మరాఠీ సరిగా రాని అత్తమ్మలు, వదినలు కౌంటర్ దగ్గర "గర్భాశయ ముఖాచీ తపాసణీ" అంటే చాలు, అర్థం చేసుకుని లోపలికి పంపిస్తారు.