శాన్ డియాగో కామిక్ కాన్‌కు వెళ్లేవారు ఇతరుల బ్యాడ్జ్‌లు కొనకండి

అమెరికాలోని శాన్ డియాగోలో ఏటా జూలైలో జరిగే కామిక్స్, సినిమా అభిమానుల వేడుక కామిక్ కాన్‌కు వెళ్లాలనే తొందరలో ఇతరుల బ్యాడ్జ్‌లు, అంటే ప్రవేశ పాసులు, కొని, 900 డాలర్లు పోగొట్టుకున్నవాడిగా ఈ హెచ్చరిక రాస్తున్నాను. 2023 జూలైలో ‘ప్రాజెక్ట్ కె’కు ‘కల్కి 2898 ఏడీ’ అనే పేరును అక్కడే ప్రకటించారు. మా బావమరిదికి ఆ ఊరి మీద మనసు పడింది అప్పుడే. మరుసటి ఏడాది ఎలాగైనా వెళ్లాలని పట్టుబట్టాడు.

మేము మేల్కొనేసరికి అధికారిక అమ్మకాలు ఎప్పుడో ముగిశాయి. ఫీనిక్స్‌లో మేమున్న ఒక తెలుగువారి వాట్సాప్ గ్రూపులో, స్నేహితులు రాలేకపోతున్నందున శనివారానికి రెండు బ్యాడ్జ్‌లు మిగిలాయని ఒక వ్యక్తి సందేశం పెట్టాడు. ఒక రోజు బ్యాడ్జ్ అసలు ధర వంద డాలర్లలోపే ఉండగా, అతను ఒక్కొక్కదానికి 450 అడిగాడు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, తమది కూడా గుంటూరేనని చెప్పాడు. నిజం చెప్పాలంటే, నేను పడిపోయింది ఆ ఒక్క మాటకే. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా సొమ్ము పంపే జెల్ (Zelle) ద్వారా డబ్బు పంపాను. నాలుగు రోజులకు బ్యాడ్జ్‌లు పోస్టులో వచ్చాయి కూడా. అవి నకిలీవి కావు, నిర్వాహకులు ఇచ్చినవే. అందుకే మాకు అనుమానం రాలేదు.

ఎడారి దారిలో దాదాపు 350 మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాని హోటల్ గదిలో దిగి, శనివారం పొద్దున్నే ట్రాలీ అనే స్థానిక రైలులో, వేడుక జరిగే కన్వెన్షన్ సెంటర్‌కు చేరుకున్నాము. ప్రవేశద్వారం దగ్గర బ్యాడ్జ్ తాకిస్తే యంత్రం అంగీకరించలేదు. సిబ్బంది ఒకరు గుర్తింపు కార్డు చూపమన్నారు. బ్యాడ్జ్ మీద ఉన్న పేర్లు మావి కావు. ఆమె ఏ మాత్రం గొంతు పెంచకుండా రెండింటినీ తీసుకుని, ఇవి మరొకరికి ఇవ్వడానికి వీల్లేదని చెప్పి మమ్మల్ని పక్కకు పంపేశారు. “అసలువే కదా బావా, మరి ఎందుకు పనిచేయలేదు?” అని మా బావమరిది దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు.

సినిమా టికెట్ ఎవరి చేతిలో ఉంటే వారిదే అవుతుంది. ఈ బ్యాడ్జ్ అలాంటిది కాదు. కొన్నవారి సభ్యత్వ ఐడీకి ముడిపడి, పేరు ముద్రించి, లోపల యంత్రం చదవగలిగే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ అమర్చి వస్తుంది కనుక అమ్మడమే కాదు, ఉచితంగా ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధం. పైగా నిజంగా రాలేనివారు గడువులోగా అడిగితే నిర్వాహకులే డబ్బు వాపసు చేస్తారు. ఆ దారి ఉండగా నాలుగు రెట్ల కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నాడంటేనే నేను ఆలోచించవలసింది.

ఆ సాయంత్రానికి అతని ఫోన్ మూగబోయింది, గ్రూపులోంచి కూడా తప్పుకున్నాడు. నా అంతట నేను పంపిన సొమ్ము కాబట్టి తిరిగి రప్పించలేమని బ్యాంకు వారు చెప్పారు. కన్వెన్షన్ సెంటర్ పక్కనే ఉన్న గ్యాస్‌ల్యాంప్ క్వార్టర్ అనే పేట వీధుల్లో బ్యాడ్జ్ అవసరం లేని ప్రదర్శనలు కొన్ని ఉన్నాయి కాబట్టి, కామిక్స్, సినిమా పాత్రల వేషాలు వేసుకున్నవారితో ఫొటోలు దిగి మా బావమరిది కొంత తేరుకున్నాడు. నాకైతే ఏదీ కంటికి ఆనలేదు.

వెళ్లదలచినవారు అమ్మకాల తేదీ కోసం ఎదురుచూడకుండా ముందుగానే నిర్వాహకుల వెబ్‌సైటులో సభ్యత్వ ఐడీ తీసుకోండి. అది లేనిదే కొనుగోలు వరుసలో నిలబడనివ్వరు. అక్కడ కూడా అదృష్టం కలిసి రావాలి, ద్వారం దగ్గర టికెట్లు అమ్మరు. మన పత్రాల్లో ఇంటిపేరు, అసలు పేరు తరచూ తారుమారవుతుంటాయి కాబట్టి, గుర్తింపు కార్డులో ఉన్నట్టే పేరు నమోదు చేయండి. లోపలికి వెళ్లినా, పెద్ద సినిమాల కార్యక్రమాలు జరిగే, సుమారు 6,500 మంది పట్టే హాల్ హెచ్‌లో సీటు దొరుకుతుందన్న హామీ ఏ బ్యాడ్జ్‌కూ లేదు.

పోయిన వారం మరో తెలుగు గ్రూపులో ఇదే ప్రకటన కనిపించింది. మాకు పంపిన ఫొటోనే మళ్లీ పెట్టారు, ధర మాత్రం ఈసారి 600 డాలర్లు.