పొయ్యి మీది టోస్టర్, అందులో కాల్చిన శాండ్‌విచ్‌లు, పక్కన నంజుకునేవి: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

మిర్చి బజ్జీ, పునుగులు, ఎగ్ పఫ్, ఉల్లి సమోసా వీధి చివరనే వేడివేడిగా దొరికే హైదరాబాదులో, సాయంత్రం టిఫిన్‌గా శాండ్‌విచ్ మా ఇంట్లో ఇన్నేళ్లు నిలిచిందంటే అందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది బేగంబజారు పాత్రల దుకాణంలో కొన్న చేతిపిడి టోస్టర్. రెండవది, శాండ్‌విచ్‌ను ఒంటరిగా వడ్డించకుండా పక్కన నంజుకోవడానికి ఏదో ఒకటి తప్పనిసరిగా పెట్టే అలవాటు. కరెంటు గ్రిల్లు కూడా ఇంట్లో ఉంది, దాన్నీ వాడుతూనే ఉన్నాను కనుక రెంటినీ పోల్చి చెప్పగలను. లోపలి తడిని అదుపులో పెట్టడం, పక్కన సరైనది పెట్టడం, ఈ రెండూ కుదిరితే మామూలు బ్రెడ్‌తో కూడా మంచి శాండ్‌విచ్ వస్తుందని, కుదరకపోతే ఎంత ఖరీదైన యంత్రమూ దాన్ని నిలబెట్టలేదని నా గట్టి అభిప్రాయం.

టోస్టర్ నిర్మాణం చాలా సరళమైనది. బందుతో కలిసిన రెండు అల్యూమినియం పలకలు, లోపల నాన్‌స్టిక్ పూత, పొడవైన బేకలైట్ పిడులు, వాటి చివర బిగించే కొక్కెం, అంతే. పలకలు మూసి కొక్కెం పెట్టగానే బ్రెడ్ అంచులు నొక్కుకుని, కజ్జికాయ అంచు ఒత్తినట్టు అతుక్కుంటాయి కాబట్టి కూర బయటికి రాదు. దీనికి దీపమూ లేదు, గంటా లేదు. శాండ్‌విచ్ ఎప్పుడు కాలిందో ఆవిరిని చూసి తెలుసుకోవాలి. బ్రెడ్ పైపొరలో తడి ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, గోధుమరంగు కాలుడూ ఆ కమ్మటి వాసనా రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. పలకల సందులోంచి ఆవిరి మొదట దట్టంగా, తెల్లగా వస్తుంది, కాసేపటికి పలుచబడుతుంది, ఆ తర్వాత వెన్న కాగిన వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వాసన వచ్చిన క్షణంలో రెండోవైపు తిప్పితే రంగు సమంగా వస్తుంది. మంట ఎప్పుడూ సన్నగానే ఉండాలి, చిన్న బర్నరే వాడాలి. పెద్ద మంట మీద పైన నల్లబడి లోపల ఆలూ చల్లగానే ఉండిపోతుంది.

కరెంటు గ్రిల్లులో ఒకేసారి రెండు మూడు పెట్టవచ్చు, కనిపెట్టుకుని నిలబడనక్కర్లేదు, నిగనిగలాడే గీతలు పడతాయి. అయితే మా ఇంట్లో ఉన్న గ్రిల్లు పలకలు అంచులను గట్టిగా మూయవు కాబట్టి గోంగూర, కీమా వంటివి పక్కలకు జారతాయి. కరెంటు పోయిన సాయంత్రాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చేతి టోస్టర్‌కూ లోపాలున్నాయి. అల్యూమినియంది కాబట్టి ఇండక్షన్ పొయ్యి మీద పనికిరాదు. వాడగా వాడగా పిడిని పట్టి ఉంచే మేకు వదులవుతుంది, బందు దగ్గర బ్రెడ్ పొడి పేరుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం పూత. నేను మొదట కొన్న టోస్టర్‌కు పూత చాలా పలుచగా ఉండి, మూలల్లో లేచిపోగానే దాన్ని పక్కన పెట్టి కాస్త బరువున్నది కొన్నాను. చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసే టోస్టర్ వేడిని నెమ్మదిగా, సమంగా పంచుతుంది. కొనేటప్పుడు పలకలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. అంచు వెంట సన్నని గీతలా వెలుతురు కనిపిస్తే అది సరిగా మూసుకోనిదని అర్థం. ఈ పరీక్షకు దుకాణదారులెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక బ్రెడ్. తాజాదనం మీద మనకున్న మోజు ఇక్కడ అంతగా పనికిరాదు. బేకరీ నుంచి అప్పుడే తెచ్చిన మెత్తని మిల్క్ బ్రెడ్ టోస్టర్‌లో అణిగిపోయి ముద్దవుతుంది, ఒకరోజు గడిచినది కరకరలాడుతుంది. పాలూ చక్కెరా ఎక్కువున్న బ్రెడ్ త్వరగా మాడుతుంది కూడా. గోధుమ బ్రెడ్ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా, పొట్లం వెనక పదార్థాల వరుస చదవడం మేలు. బరువు ప్రకారం ఎక్కువున్నదే ముందు రాస్తారు కాబట్టి మైదా మొదట ఉంటే అది ప్రధానంగా మైదా బ్రెడ్డే. బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టడం తగ్గుతుంది గానీ, ఆ చల్లదనంలో పిండి పదార్థం బయట ఉన్నప్పటి కంటే త్వరగా బిరుసెక్కుతుంది. వానాకాలంలో మిగిలిన ముక్కలను నేను నేరుగా డీప్ ఫ్రీజర్‌లో దాస్తాను, అక్కడి నుంచి తీసి అలాగే టోస్టర్‌లో పెట్టినా రుచిలో తేడా రాదు.

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మార్కులు ఆలూ శాండ్‌విచ్‌వే. దీనికి పూరీ కూర పనికిరాదు, నీళ్లు పోసి వండే ఏ కూరా పనికిరాదు. ఆలుగడ్డలను తొక్కతోనే ఉడికించి, నీళ్లు వంపేసి, తొక్క తీసి, పళ్లెంలో పరిచి ఆవిరి పోయేదాకా ఆరబెట్టాలి. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, పచ్చిమిరప, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయించి, పసుపు, ఉప్పు వేసి, ఆలూను చేత్తో గరుకుగా చిదిమి కలపాలి. పూర్తిగా మెదిపితే జిగురుగా మారుతుంది, చిన్న చిన్న ముక్కలు పంటికి తగలడమే దీని అందం. మూకుడు అడుగున కూర అక్కడక్కడా ఎర్రబడేవరకు కదపకుండా వదిలి, ఆ మాడీమాడని పొరను గీకి మళ్లీ కలిపితే వచ్చే రుచి ఇంకే మసాలాతోనూ రాదు. నిమ్మరసం దింపాక, చల్లారాక పిండాలి. వేడి కూరను బ్రెడ్ మీద పరిస్తే ఆ ఆవిరంతా బ్రెడ్డే పీల్చుకుంటుంది. వెన్న లోపల కూడా పలుచగా రాస్తాను, ఎందుకంటే కొవ్వు పొర ఉన్నచోట కూరలోని తడి బ్రెడ్‌లోకి దిగదు.

ముంబయి వీధుల్లో పేరుపొందిన పచ్చి కూరగాయల శాండ్‌విచ్‌లో కూడా కీలకం ఆ వెన్న పొరే. ఉడికించిన ఆలూ, బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లిపాయ చక్రాలను పచ్చని చట్నీ రాసిన బ్రెడ్ మీద పేర్చడమే దాని పద్ధతి. ఇంట్లో చేసేటప్పుడు కీరా, టమాటా ముక్కల మీద ఉప్పు చల్లి కాసేపు ఉంచి, ఊరిన నీటిని గుడ్డతో అద్దేస్తాను. చట్నీకి కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరప, అల్లం, నిమ్మరసంతో పాటు ఒక చెంచా పుట్నాల పప్పు వేసి రుబ్బాలి. పుట్నాలు లేని చట్నీలో నీరు విడిపోయి బ్రెడ్ పచ్చగా నానిపోతుంది, పుట్నాలు వేసిన చట్నీ పూసినచోటే నిలుస్తుంది. కొత్తిమీర మెహదీపట్నం రైతుబజారులో పొద్దున్నే తీసుకున్నదైతే కాడలతో సహా రుబ్బవచ్చు, కాడల్లో కూడా మంచి వాసన ఉంటుంది.

గోంగూర శాండ్‌విచ్‌ను నేను ఇక్కడ ప్రత్యేకంగా సమర్థించదలచుకున్నాను, ఎందుకంటే పేరు వినగానే చాలామంది తల అడ్డంగా తిప్పుతారు. ఎర్ర కాడల గోంగూరతో చేసిన, నూనె తక్కువగా ఉన్న పచ్చడిని ఒక ముక్క మీద పలుచగా, రెండో ముక్క మీద వెన్నను మందంగా రాసి, మధ్యలో పచ్చి ఉల్లిపాయ చక్రాలు పెట్టి కాల్చండి. బ్రెడ్‌లో సహజంగా ఉండే చిరుతీపి, వెన్న కమ్మదనం కలిసి గోంగూర పులుపును అందంగా మోస్తాయి. ఆవకాయతో ఇది కుదరదు. ఆవకాయ నూనె బ్రెడ్‌లోకి ఇంకిపోతుంది, ముక్క విడిగా మిగులుతుంది, ఆవపిండి ఘాటు కాలిన బ్రెడ్ వాసనను మింగేస్తుంది. గోంగూరకు మాత్రం టోస్టర్ వేడి మేలే చేస్తుంది.

కోడిగుడ్డుతో పొరటు చేసి, చెమ్మంతా పోయేవరకు వేయించి, మిరియాల పొడి చల్లి పెడితే చాలు. చల్లని గుడ్డు శాండ్‌విచ్ ఇష్టపడేవారు ఉడికించిన గుడ్లను మయోనైజ్‌తో కలుపుతారు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ వల్ల కలిగే ప్రమాదం ఈ నగరానికి బాగా తెలిసిందే. 2024 అక్టోబరు 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం దాని తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఆ నిషేధానికి చాలా ముందు నుంచే నేను గడ్డపెరుగును గుడ్డలో మూటకట్టి, నీరంతా కారిపోయాక మిగిలిన ముద్దలో ఆవపిండి, మిరియాలు, ఉప్పు, చిటికెడు చక్కెర కలిపి వాడుతున్నాను. ఇందులో పుల్లదనం కాస్త ఎక్కువే అయినా గుడ్డుతో దీని జత చాలా బాగుంటుంది. ఆదివారం వండిన కీమా మిగిలితే సోమవారం సాయంత్రం అది శాండ్‌విచ్‌లోకే వెళ్తుంది. గ్రేవీ పూర్తిగా ఇగిరి, నూనె అంచులకు చేరేవరకు మళ్లీ వేయించి, పుదీనా తరుగు కలిపి పెట్టాలి.

చీజ్ గురించి చెప్పవలసింది కొంచెమే. తీగలు సాగాలంటే మోజరెల్లా, నున్నగా కరగాలంటే మామూలు ప్రాసెస్డ్ చీజ్. పనీర్ ఎంత వేడికీ కరగదు కనుక దాన్ని చిదిమి కూరలా వండుకోవడమే మార్గం.

నంజుకునేవాటి దగ్గరికి వస్తే, చాలామంది శాండ్‌విచ్ పక్కన సాస్ సీసా పెట్టి అక్కడితో ఆగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. లోపల వెన్న ఎక్కువుంటే పక్కన పులుపుండాలి. లోపల అంతా మెత్తగా ఉంటే పక్కన కరకరలాడేది ఉండాలి. లోపల కారం ఉంటే పక్కన చలువ చేసేది ఉండాలి. ఈ లెక్కన ఆలూ శాండ్‌విచ్‌కు నేను చూసినవాటిలో అత్యుత్తమమైన జత వడపప్పు. శ్రీరామనవమి నాడు పానకంతో పాటు పంచే ఆ పెసరపప్పే. గంటసేపు నానబెట్టి, పూర్తిగా వడగట్టి, కీరా ముక్కలు, పచ్చికొబ్బరి తురుము, కొత్తిమీర, నిమ్మరసం కలిపి, ఎండాకాలమైతే పచ్చిమామిడి తురుము కూడా వేసి, ఆవాల తాలింపు పెట్టాలి. ఉప్పు మాత్రం వడ్డించే ముందే కలపాలి. ముందే వేస్తే కీరాలోని నీరంతా గిన్నె అడుగుకు చేరుతుంది. మెత్తని, బరువైన ఆలూ తర్వాత ఈ పప్పు నోట్లో టకటకమంటూ విరుగుతుంటే తరువాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలాగే రుచిస్తుంది.

చీజ్ శాండ్‌విచ్‌కు టమాటా చారు. పప్పు కలపకుండా, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, పలుచగా కాచి, గాజు గ్లాసుల్లో పోసి ఇవ్వాలి. బ్రెడ్ అంటే జ్వరం వచ్చినప్పుడు పాలలో ముంచుకుని తినేదని గట్టిగా నమ్మే మా అత్తగారు శాండ్‌విచ్‌ను ఇష్టంగా తినడం మొదలుపెట్టింది ఈ చారు పక్కన పెట్టినప్పటి నుంచే. అంచును చారులో ముంచి, మెత్తబడకముందే నోట్లో పెట్టుకోవాలని ఇప్పుడు ఆవిడే పిల్లలకు చెబుతున్నారు. పొట్లాల్లో వచ్చే సూప్ పొడి మా ఇంటికి రావడం ఆగిపోయింది.

కీమాకు ఉల్లిపాయ చక్రాలే సరైనవి. చల్లటి నీటిలో కాసేపు ఉంచి ఘాటు తగ్గించి, ఉప్పు, నిమ్మరసం పట్టించి, గులాబీరంగు తిరిగేదాకా ఆగాలి. గోంగూరకు పులుపు ఎలాగూ ఉంది కాబట్టి ఉడికించిన పచ్చి పల్లీలు గానీ మొక్కజొన్న గింజలు గానీ చాలు. గుడ్డు శాండ్‌విచ్ పక్కన వేయించిన చల్ల మిరపకాయ ఒక్కటి పెట్టి చూడండి, మజ్జిగలో ఊరి ఎండిన ఆ పులుపూ కారమూ గుడ్డుకు బాగా అతుకుతాయి. ఆలూ వేపుళ్లను, అంటే పిల్లలు ఫ్రైస్ అనేవాటిని, నేను ఎప్పుడో ఒకసారే చేస్తాను. ముక్కలను చల్లటి నీటిలో నానబెట్టి గంజి పోగొట్టి, తుడిచి, ఒకసారి తక్కువ వేడిలో, రెండోసారి ఎక్కువ వేడిలో వేయించాలి. ఫ్రిజ్‌లో ఉంచిన ఆలుగడ్డలు తియ్యబడతాయి కాబట్టి లోపల ఉడకకముందే పైన నల్లబడతాయి. ఆలూ శాండ్‌విచ్ పక్కన మళ్లీ ఆలూ పెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను, పిల్లలు ఎంత అడిగినా సరే.

పిల్లల డబ్బాలోకి పంపేవారికి ఒక మాట. టోస్టర్ నుంచి తీసిన శాండ్‌విచ్‌ను పళ్లెంలో పెడితే అడుగున ఆవిరి పట్టి నిమిషాల్లో మెత్తబడుతుంది. కాళ్లున్న జాలీ మీద పెట్టి పూర్తిగా చల్లారనిచ్చి, బటర్ పేపర్‌లో చుట్టి పంపితే మధ్యాహ్నానికి కూడా అంచులు గట్టిగా ఉంటాయి. వడపప్పు, ఉల్లిపాయ వంటివి వేరే చిన్న డబ్బాలో ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలకు చేరినప్పుడు గుడ్డు, కీమా, పెరుగు పెట్టినవి డబ్బాలో పంపకూడదు. ఆ రెండు నెలలూ మా ఇంటి నుంచి డబ్బాలోకి వెళ్లేది గోంగూర శాండ్‌విచ్ ఒక్కటే.