‘టోర్న్’: ఎడ్నాస్వాప్‌దా, ఇంబ్రూలియాదా?

‘టోర్న్’ పాట అనగానే అందరికీ ఆస్ట్రేలియా గాయని నటాలీ ఇంబ్రూలియానే గుర్తొస్తుంది. నిజానికి ఆమె 1997లో పాడేనాటికే అది పాత పాట. రాసింది లాస్ ఏంజెలెస్ బ్యాండ్ ఎడ్నాస్వాప్‌కి చెందిన యాన్ ప్రివెన్, స్కాట్ కట్లర్, వాళ్లతో పాటు ఫిల్ థోర్నల్లీ. ముందుగా 1993లో డేనిష్ భాషలో రికార్డయింది. 1995లో ఎడ్నాస్వాప్ తమ ఆల్బమ్‌లో పెట్టుకుంటే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఎడ్నాస్వాప్‌ది నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. గిటార్ గరగరలాడుతుంటే ప్రివెన్ గొంతు చించుకుని పాడుతుంది. ఇంబ్రూలియాది అలా కాదు. అకూస్టిక్ గిటార్, హుషారైన డ్రమ్స్, బాధంతా మాటల్లోనే. చివర్లో స్లైడ్ గిటార్ వచ్చే చోటు నాకు మహా ఇష్టం. దీన్ని ప్రొడ్యూస్ చేసింది కూడా థోర్నల్లీయే!

బ్రిటన్ చార్టులో ఆక్వా బ్యాండ్ పాట ‘బార్బీ గర్ల్’ అడ్డుపడటంతో రెండో స్థానంలోనే ఆగింది, అయినా పది లక్షలకు పైగా అమ్ముడైంది. అమెరికాలో 11 వారాలు రేడియో చార్టులో నంబర్ వన్. సింగిల్‌గా, అంటే విడి పాటగా, అమ్మకానికి పెట్టకపోవడంతో, అప్పటి రూల్ ప్రకారం అక్కడి ప్రధాన పాటల చార్టు హాట్ 100లో చోటే దక్కలేదు. 1998 చివర్లో రూల్ మారాక వచ్చింది 42వ స్థానం!

పదే పదే వినడానికైతే ఇంబ్రూలియాదే. గుండె మండిన రోజున మాత్రం నా ఓటు ఎడ్నాస్వాప్‌కే.