హెపటైటిస్ బి క్యాంపులో డబ్బు కట్టినవాళ్లు రెండో డోసుకు వెళ్లకముందే ఇది చదవండి

మొన్న ఆదివారం మన కమ్యూనిటీ హాల్లో పెట్టిన హెపటైటిస్ బి (లివర్‌ను దెబ్బతీసే వైరస్ జబ్బు) టీకా క్యాంపు గురించే చెప్తున్నా. ఎవరు పెట్టారో, ఆటోలో మైకు కట్టుకుని ఎట్లా తిరిగారో మీ అందరికీ తెలిసిందే. మూడు డోసుల డబ్బు మొదటి రోజే కట్టించుకున్నారు. పెద్దవాళ్లకు వేసింది మాత్రం సగం డోసు. అడిగినాయన మీద అరిచారు. నెల తర్వాత రెండో డోసుకు మళ్లీ వస్తారట. దయచేసి ఎవరూ వెళ్లకండి.

టేబుల్ మీద పెట్టిన సీసా 10 ఎం.ఎల్. వయల్. దాని లేబుల్ మీద ఒక ఎం.ఎల్.లో 20 మైక్రోగ్రాములు అని అచ్చేసి ఉంది. అలాంటి వయల్‌లోంచి పెద్దవాళ్లకు ఒక డోసు అంటే నిండుగా 1 ఎం.ఎల్. పిల్లలకు అర ఎం.ఎల్., అంటే 10 మైక్రోగ్రాములు. ఏ వయసు దాకా పిల్లల డోసు వేయాలన్నది కంపెనీని బట్టి కొంచెం మారుతుంది, అది డబ్బాలో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. అంతేగానీ యాభై ఏళ్ల మనిషికి అర ఎం.ఎల్. వేయమని ఆ వయల్‌తో వచ్చే ఏ కాగితంలోనూ ఉండదు. ఆ రోజు వాడినవి 2 ఎం.ఎల్. సిరంజిలు. పిస్టన్ లాగిన ప్రతిసారీ 0.5 గీత దగ్గరే ఆగింది. తాతకూ అంతే, మనవడికీ అంతే. పదిమందికి సరిపోయే సీసా ఇరవై మందికి వచ్చింది. లెక్క మీకే అర్థమవుతుంది.

లైన్లో ఉన్న ఒక పెద్దాయన అది గమనించి, "బాబూ, పెద్దవాళ్లకు ఒక ఎం.ఎల్. కదా?" అని మర్యాదగానే అడిగారు. "ఇది స్ట్రాంగ్ వ్యాక్సిన్, సగం చాలు" అన్నాడు సూది వేసేవాడు. "ఏదీ, ఒకసారి సీసా చూపించు" అంటే వయల్‌ను అరచేతిలో మూసేసుకుని, "నువ్వేమన్నా డాక్టరువా? ఇష్టం లేకపోతే పక్కకు జరుగు, వెనక లైనుంది" అన్నాడు. తండ్రి వయసు మనిషిని, అంతమంది ముందు, నువ్వు అని. ఆయన ఊరికే వచ్చి నిలబడలేదు, డబ్బు కట్టి వచ్చారు. తన ఒంట్లోకి వెళ్లే మందు లేబుల్ చూపించమన్నారు, అంతే. ఆయన ముఖం చిన్నబోయింది, మారు మాట్లాడకుండా చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నారు. ఆ అర ఎం.ఎల్.ఏ వేసి పంపారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

స్ట్రాంగ్ వ్యాక్సిన్ అనేది పచ్చి అబద్ధం. టీకా బలం ఎంతో లేబుల్ మీద మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. వయసు నలభై దాటినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు పూర్తి డోసులు మూడూ పడినా రక్షణ కొంత తక్కువగానే వస్తుంది. వాళ్లకు సగానికి కోస్తే ఇక మిగిలేదేముంది? డయాలసిస్ మీద ఉన్నవాళ్లకైతే మామూలు పెద్దవాళ్ల డోసుకు రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాములు వేస్తారు, డోసుల సంఖ్య కూడా పెంచుతారు. ఆ క్యాంపులో డయాలసిస్ చేయించుకునే ఆయన కూడా ఒకరున్నారు. ఆయనకూ 10 మైక్రోగ్రాములే పోశారు. ఆయన వారానికి రెండు మూడుసార్లు రక్తం మెషీన్‌కు ఎక్కించుకునే మనిషి, ఈ వైరస్ నుంచి రక్షణ అందరికంటే ముందు కావాల్సింది ఆయనకే.

ఇక ఐస్ సంగతి. ఇది చాలామంది పట్టించుకోలేదు, పైగా "ఐస్ బాగానే పెట్టారు" అని మెచ్చుకున్నారు కూడా. థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు ఫ్రీజర్లోంచి అప్పుడే తీసినట్టు పొడి మంచు పట్టి తెల్లగా ఉన్నాయి. వయల్స్ వాటికి ఆనుకునే ఉన్నాయి. హెపటైటిస్ బి టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. వేడి కంటే గడ్డకట్టడమే దీనికి పెద్ద ప్రమాదం. టీకాలోని ప్రొటీన్ అల్యూమినియం లవణానికి అంటుకుని ఉంటుంది. సున్నాకు కాస్త కిందికి దిగి గడ్డకడితే ఆ పొందిక చెదిరిపోయి రేణువులు ముద్దలవుతాయి. విరిగిన పాలను మళ్లీ కాచినా పాలు కానట్టే, గడ్డకట్టిన ఈ మందు కరిగినా మళ్లీ టీకా కాదు. అది వేసుకుంటే చెయ్యి నొప్పి పుడుతుంది, రక్షణ మాత్రం నమ్మలేం.

పద్ధతి తెలిసినవాళ్లు ఐస్ ప్యాకులను ఫ్రీజర్లోంచి తీసి కాసేపు బయట పెడతారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు రావాలి. అప్పుడే క్యారియర్‌లో, అంటే టీకాలు మోసే డబ్బాలో పెడతారు. అప్పుడు కూడా వయల్‌ను ప్యాకుకు నేరుగా తగలనివ్వరు. సర్కారు దవాఖానాలో ఆశా, ఏఎన్ఎం అక్కలు మోసుకొచ్చే నీలం క్యారియర్ చూడండి, నాలుగు ప్యాకులతో అంతా ఈ పద్ధతిలోనే ఉంటుంది. కొన్ని వయల్స్ మీద ఒక గుండ్రని గుర్తు, దాని మధ్యలో చిన్న చదరం ఉంటుంది, దాన్ని వీవీఎం అంటారు. చదరం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉన్నంత వరకే వాడొచ్చు. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చదరం ఇంకా ముదిరినా పారేయాలి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఆ గుర్తు వేడిని మాత్రమే పట్టిస్తుంది. సీసా గడ్డకట్టి కరిగినా చదరం లేతగానే ఉంటుంది. ఆ క్యాంపువాళ్లు చూపించి "చూడండి, బాగుంది" అన్నది ఈ గుర్తునే. గడ్డకట్టిందేమో తెలియాలంటే సీసా ఊపి చూడాలి. బాగున్న టీకా ఊపగానే అంతటా ఒకేలా పలుచటి పాలరంగులోకి వస్తుంది. గడ్డకట్టి కరిగినదాంట్లో పలుకులు కనిపిస్తాయి, నిలబెడితే త్వరగా అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడతాయి. ఖాయంగా తేల్చాలంటే అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలనే గడ్డకట్టించి, కరిగించి, రెండూ పక్కపక్కన పెట్టి అరగంట దాకా చూస్తారు.

మైకులో చెప్పిన మాటలకైతే ఇంకా కోపం వస్తోంది. వానాకాలం నీళ్ల వల్ల హెపటైటిస్ బి వస్తుందని భయపెట్టారు. నీళ్లు, తిండి వల్ల వచ్చేవి హెపటైటిస్ ఎ, ఇ. వానల్లో ఊళ్లలో కామెర్లు వ్యాపించడానికి ఎక్కువగా అవే కారణం, ఈ టీకా వాటిని ఆపదు. బి వచ్చేది రక్తం వల్ల, లైంగిక సంబంధం వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు. ఒకరికి వాడిన సూది, బ్లేడు, పచ్చబొట్టు సూది ఇంకొకరికి వాడినా వస్తుంది. ఎండిన రక్తపు మరకలో ఈ వైరస్ కనీసం వారం రోజులు బతికి ఉండగలదు. కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా, ముట్టుకున్నా రాదు. ఆ మైకు విని బి ఉన్న పక్కింటాయన కంచం వేరు పెట్టినవాళ్లుంటే ఇకనైనా మానేయండి.

ఫ్రీ టెస్ట్ అని చేసింది హెచ్‌బీఎస్‌ఏజీ స్ట్రిప్ టెస్ట్, అంటే బి వైరస్ పైపొర ప్రొటీన్ రక్తంలో ఉందేమో చూసేది. రిజల్ట్ రావడానికి పావుగంట పైనే పడుతుంది. వీళ్లు అది రాకముందే సూది వేసేశారు. వైరస్ ముందే ఒంట్లో ఉన్న మనిషికి ఈ టీకాతో ఏ ఉపయోగమూ లేదు. వాళ్లకు కావాల్సింది లివర్ పరీక్షలు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష), అవసరమైతే మందులు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలయ్యింది, దాని కింద ఈ పరీక్షలు, మందులు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. స్ట్రిప్ మీద రెండు గీతలు, అంటే పాజిటివ్ వచ్చిన ఒకాయనకు "టీకా వేశాం కదా, తగ్గిపోతుంది" అని చెప్పి పంపారు. తగ్గదు. ఆయన తప్పకుండా జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి, ఇంట్లోవాళ్లకూ టెస్ట్ చేయించాలి. ఒంట్లో ఏ బాధా లేదని, కళ్లు పచ్చబడలేదని ఊరుకోవద్దు. చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు, తెలిసేసరికి లివర్ గట్టిపడి ఉంటుంది.

గల్ఫ్ మెడికల్‌కు వెళ్లే తమ్ముళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినండి. "మెడికల్‌లో ఫెయిల్ కాకుండా టీకా వేసుకో" అని వాళ్లకు అమ్మారు. టీకాలో ఉన్నది ఆ హెచ్‌బీఎస్‌ఏజీ ప్రొటీనే. వేసుకున్నాక కొన్ని రోజులు, రెండు వారాలు దాటి 18 రోజుల దాకా కూడా, అది రక్తంలో కనిపించవచ్చు. ఆ రోజుల్లో రక్తం ఇస్తే జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించే ప్రమాదం ఉంది. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే అన్‌ఫిట్. వీసాకు అప్పు చేసి కట్టిన లక్షలు గాలికి పోతాయి. వాళ్లు టీకా మీద డబ్బు సంపాదించుకుని వెళ్లారు, ఆ పిల్లల గతి ఏమిటని ఆలోచించలేదు. మెడికల్ ఉన్నవాళ్లు టీకా వేసుకున్న రోజు నుంచి కనీసం నెల ఆగి వెళ్లండి. ఈలోపు రక్తదానం కూడా వద్దు. పాజిటివ్ వచ్చిందని ఇప్పటికే చెప్పినవాళ్లుంటే, టీకా తేదీ చెప్పి నెల తర్వాత మళ్లీ చేయించుకోండి.

సగానికి కోసి పొదుపు చేయాల్సినంత ఖరీదైనది కూడా కాదు ఈ టీకా. ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించే రోజుల్లో డోసుకు వందల రూపాయలయ్యేది, మామూలు ఇళ్లవాళ్లకు అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వ్యాక్-బి తెచ్చాక ధర దిగింది. తర్వాత మన దగ్గరే ఇంకో రెండు మూడు కంపెనీలు కూడా తయారుచేశాయి. మన ఊళ్లో తయారయ్యే, సురక్షితమైన, చవకైన మందును సగానికి కోసి అమ్ముకున్నారు. టీకా మీద కోపం తెచ్చుకోకండి. టీకా చాలా మంచిది, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సరిగ్గా మూడు డోసులు పడితే పదిమందిలో తొమ్మిది మందికి పైగా రక్షణ వస్తుంది.

ఇప్పుడేం చేయాలంటే, ఆ రోజు పడిన డోసును లెక్కలో వేసుకోకండి. పెద్దవాళ్లకు అది సగమే, పిల్లలకు పడింది గడ్డకట్టిందో లేదో తెలియదు. మంచి ఫ్రిజ్ ఉన్న ఆసుపత్రిలో ఇదే మొదటి డోసు అనుకుని మొదలుపెట్టండి. ఒక డోసు ఎక్కువైతే హాని లేదు. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మధ్యలో ఆలస్యమైతే ఆగిన దగ్గర్నుంచే కొనసాగించొచ్చు, "మళ్లీ మొదటి నుంచి వేయాలి" అని డబ్బు అడిగితే నమ్మకండి. తొందరపడి దగ్గరదగ్గరగా మాత్రం వేయించుకోవద్దు: మొదటికీ రెండోదానికీ కనీసం 4 వారాలు, రెండోదానికీ మూడోదానికీ 8 వారాలు, మొదటికీ మూడోదానికీ 16 వారాలు ఉండాలి. పెద్దవాళ్లకు సూది భుజం కండకే. పిర్రకు వేస్తే కొవ్వులోకి పోయి సరిగ్గా పనిచేయదు. వేసుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి, రియాక్షన్ వస్తే చూడటానికి మందులు, మనిషి ఉండాలి. ఆ హాల్లో రెండూ లేవు. ఈస్ట్ అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

కార్డు మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, తేదీ రాయించి, వయల్ లేబుల్ ఫోన్లో ఫోటో తీసుకోండి. మనకిచ్చిన రంగు కార్డుల్లో బ్యాచ్ నంబరు గడి ఖాళీగా ఉంది, చూసుకోండి. డయాలసిస్ వాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో ఇంకొకరికి బి ఉన్నవాళ్లు చివరి డోసు అయిన నెల రెండు నెలల మధ్య యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకాతో రక్షణ వచ్చిందో లేదో చూసే రక్త పరీక్ష) చేయించుకోండి. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే రక్షణ వచ్చినట్టే. ఇప్పుడే, ఆ అర ఎం.ఎల్. తర్వాత టైటర్ చేయిస్తే దండగ, ఏమీ తెలియదు. "ఐదేళ్లకోసారి బూస్టర్" అని కార్డు వెనక అచ్చేశారు కదా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది అక్కర్లేదు.

కాన్పు దగ్గరపడ్డవాళ్లు ఇంట్లో ఉంటే, పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు మొదటి డోసు వేయించమని ఆసుపత్రిలో గట్టిగా అడగండి, సర్కారులో ఉచితమే. తల్లికి పాజిటివ్ అయితే 12 గంటల్లోపు బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల సూది) కూడా పడాలి. పాలు మామూలుగా ఇవ్వొచ్చు.

రసీదు ఉన్నవాళ్లు పారేయకండి. మిగతా రెండు డోసుల డబ్బు వాపసు అడుగుదాం. డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు, జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు రాస్తున్నాం. ఖాళీ వయల్ ఫోటో ఎవరి ఫోన్లో ఉన్నా పంపండి, బ్యాచ్ నంబరు దాని మీదే దొరకాలి.