ఏసీ గదికి 24 వేలు: అమ్మ ఆపరేషన్ క్లెయిమ్ కథ

మాది కందుకూరు, మోటార్ వైండింగ్ షాపు. 2024 అక్టోబరులో అమ్మకు నెల్లూరులో గాల్ బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ అయింది. మూడు లక్షల హెల్త్ పాలసీ, నాలుగో ఏడు నడుస్తోంది. ఆ క్లెయిమ్ సర్వీసుకు నేను ఐదుకు మూడిస్తాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నన్ను ముంచిన షరతు చాలా పాలసీల్లో ఉంది.

ఆ ఆసుపత్రి బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీయే నేరుగా బిల్లు కట్టే ఆసుపత్రుల జాబితాలో లేదు. చేతి డబ్బు కట్టి, తర్వాత బిల్లులు పంపుకున్నాం. క్లెయిమ్ ఫారంలో 'ఎ' భాగం మనం నింపాలి, 'బి' భాగం ఆసుపత్రి వాళ్లు నింపి సీలు వేయాలి. నేను 'బి' చూసుకోకుండానే ఇంటికొచ్చేశాను. ఆ ఒక్క సీలు కోసం షాపు మూసి, కావలి మీదుగా బస్సులో మళ్లీ నెల్లూరు. ఇది నా తప్పే.

వారానికి క్వెరీ వచ్చింది. ఆధార్‌లో ప్రకాశం జిల్లా, డిశ్చార్జ్ సమ్మరీలో నెల్లూరు జిల్లా, పేషెంట్ ఒకరేనా అని! 2022 ఏప్రిల్‌లో కందుకూరును నెల్లూరులో కలిపారు, ఊరు మాత్రం ఉన్నచోటే ఉందమ్మా అని ఫోన్లో చెప్పాను. కాల్ సెంటర్ అమ్మాయి నవ్వింది. తెలుగులోనే, విసుక్కోకుండా, ఒక లెటర్ రాసి సంతకం పెట్టి అప్‌లోడ్ చేయమని చెప్పింది. మెచ్చుకోవాలి. కానీ ఆ లెటర్ అందిందో లేదో తెలుసుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల సైటు 'బీమా భరోసా'లో ఫిర్యాదు పెడతానని మెయిల్ కొట్టాకే ఫైలు కదిలింది.

ఇక డబ్బు సంగతి. బిల్లు 98 వేలు, మాకు వచ్చింది 71,600. గ్లౌజులు, దూదిలాంటి వాటికి 2,400 తీసేశారు, దానికి బాధ లేదు. మిగతా 24 వేలు పోయింది గది వల్ల. మా పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే మూడు వేలు. మేం తీసుకున్న ఏసీ గది 4,500. పైన పడే 1,500 మనం కట్టుకుంటే సరిపోతుందనుకున్నా. నాలుగు రోజులకు ఆరు వేలు, పోనీలే అనుకున్నా.

కథ అది కాదు. గది ఏ నిష్పత్తిలో ఎక్కువైతే అదే నిష్పత్తిలో సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటర్ ఛార్జీలూ కోస్తారు. అవి 54 వేలు, ఇచ్చింది 36 వేలు. మందులకు, టెస్టులకు మాత్రం ఆ కోత పెట్టలేదు. ఆరు వేలకు పద్దెనిమిది వేలు తోడయ్యాయి.

ఏజెంటుకు ఫోన్ చేశాను. "అది పాలసీలోనే ఉంది గదన్నా" అన్నాడు. ఉంది, నిజమే. పాలసీ అమ్మేటప్పుడు "మంచి రూమే తీసుకోండన్నా, అంతా కంపెనీదే" అన్నది కూడా ఈ నోరే. ఒక స్టారు కోసింది ఇందుకే. ఇంకోటి ఆ పది రోజుల మౌనానికి.

లెక్కంతా అమ్మకు చెప్పాను. "ఆ ఏసీ మొదటి రాత్రే చలేస్తుందని ఆపించా గదరా" అంది.

మార్చిలో రెన్యువల్. గది అద్దె పరిమితి లేని పాలసీకి వేరే కంపెనీలో పోర్ట్ అవుదామనుకుంటున్నా. ఇలా పాలసీని వేరే కంపెనీకి మార్చుకుంటే, కొన్ని జబ్బులకు క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన వెయిటింగ్ కాలంలో ఇప్పటిదాకా గడిచింది పోదు, కానీ నెలన్నర ముందే అడగాలి. అమ్మకు బీపీ ఉంది కాబట్టి కొత్తవాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి. ఈసారి ఏజెంటును కాదు, పాలసీ కాగితాన్నే అడుగుతా. గది అద్దె మా దాంట్లో పద్నాలుగో పేజీలో ఉంది.